పొద్దుటి పొడి, సాయంత్రం పాలు

నేను పరుగెత్తిన ఎనిమిది వందల మీటర్లను ఒక ప్లాస్టిక్ డబ్బా తనవని చెప్పుకుంది. తొర్రూరు బస్టాండు దగ్గర, నలుగురూ ఆగి చూసే చోట, నా ముఖం పక్కనే నిలబడి మరీ చెప్పుకుంది. ఆ డబ్బాకు నోరు లేకపోయినా దాని తరఫున మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా తరఫున మాట్లాడాలంటే నేనే మాట్లాడుకోవాలి. అందుకే ఇది రాస్తున్నాను. ఎవరికైనా కోపం వస్తే రానీ.

మాది నర్సింహులపేట దగ్గర ఒక తండా. ఇంట్లో మా భాష మాది, బయటికొస్తే తెలుగు. అమ్మను మేం యాడీ అని పిలుస్తాం. ఆమె మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ మా భాషలో అవి ఇంకా ఘాటుగా ఉంటాయి. నాయిన నా చిన్నతనంలోనే పోయాడు. ఇంట్లో మిగిలింది అమ్మ, నేను, ఒక బర్రె. అమ్మ నాకంటే ఆ బర్రెనే బాగా చూసుకుంటుందని నేను ఎన్నోసార్లు గొడవపడ్డాను. అందులో పూర్తిగా అబద్ధం కూడా లేదు.

కానిస్టేబుల్ ఉద్యోగానికి ఆడవాళ్ళు ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తాలి. చెప్పిన టైములో గీత దాటితే ముందుకు, లేకపోతే ఇంటికి. 'రెండు రౌండ్లే కదా' అని నవ్వేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. వాళ్ళను ఒక్కరోజు పొద్దంతా వంగి మిర్చి ఏరి, మర్నాడు తెల్లవారుజామున ఆ నడుముతో పరుగెత్తి చూడమనండి. ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం.

నేను ఒకసారి ఓడిపోయాను, దాచుకునేదేం లేదు. మొదటి రౌండు భయంతో అందరికంటే ముందు ఉరికి, రెండో రౌండులో ఆఖరి మలుపు దగ్గర కూలబడ్డాను. అంతకుముందు మూడు రాత్రులు కన్ను మూయలేదు. రెండోసారి నోటిఫికేషన్ పడేసరికి నాకు అర్థమైన సంగతి ఒకటే, ఇదే ఆఖరు. ఇంకో నోటిఫికేషన్ వచ్చేదాకా నా వయసు ఆగదు. ఈ మాట నాకు తెలుసు, అమ్మకు తెలుసు, తండా మొత్తానికీ తెలుసు. మా చుట్టాల్లో తెలియనివాళ్ళెవరైనా ఉంటే పనిగట్టుకుని ఫోన్ చేసి చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ రోజుల్లో నా దినచర్య ఇది. తెల్లవారుజామున లేచి మొదటి బస్సుకు తొర్రూరు వెళ్ళి, కాలేజీ గ్రౌండులో పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ ప్రాక్టీసు. ఎండెక్కేలోపు వెనక్కొచ్చి మిర్చి ఏరడానికి పోవడం. సాయంత్రం పుస్తకాలు. ఇంత తిరిగిన ఒంటికి పడుకోగానే నిద్ర పట్టాలి. నాకు పట్టేది కాదు. కాళ్ళు గుంజేవి, గుండె దడదడమనేది, కళ్ళు మూస్తే ఆ ఆఖరి మలుపే కనిపించేది. అక్కడ నేను కూర్చుండిపోయినప్పుడు నన్ను దాటుకుంటూ పోయిన కాళ్ళు కనిపించేవి.

నిద్ర పట్టడం లేదని ఒక్కరితో అంటే చాలు, పదిమంది వైద్యులు పుడతారు. గసగసాలు నూరి తాగమన్నారు. ఆముదం మాడుకు రుద్దమన్నారు. దిష్టి తీయించమన్నారు. ఒక పెద్దమనిషి అయితే పెండ్లి చేస్తే అదే నిద్ర పడుతుందన్నాడు. ఆయన భార్య ముప్పై ఏళ్ళుగా ఆయన గురకకు నిద్రలేకుండా ఉందని మా తండాలో అందరికీ తెలుసు. ఆ మాట ఆయన ముఖం మీదే అన్నాను. అమ్మ నన్ను తిట్టింది, తర్వాత కొట్టంలోకి పోయి నవ్వుకుంది.

గ్రౌండులో మాకు కోచింగ్ ఇచ్చే సారు ఒకప్పుడు తానూ పరుగెత్తినవాడే. పరుగు నేర్పడం ఆయనకు వచ్చు, ఆ మాట కాదనను. చేతులు ఎలా ఊపాలో, మొదటి రౌండులో ఊపిరి ఎలా దాచుకోవాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కానీ ఆ ఏడాది ఆయన పరుగుతో పాటు ఒక పొడి కూడా పట్టుకొచ్చాడు. తెల్ల ప్లాస్టిక్ డబ్బా, దాని మీద ఉరికే గుర్రం బొమ్మ. అశ్వగంధ, జటామాంసి, ఇంకా ఏవేవో మూలికలు కలిపిందట. రాత్రి ఒక చెంచా పాలల్లో వేసుకుని తాగితే టెన్షన్ పోతుంది, నిద్ర పడుతుంది, పొద్దున్నకల్లా కండరాలు కొత్తవి అవుతాయి అన్నాడు. అశ్వగంధ అంటే నాకు తెలుసు. మా చేన్ల గట్ల మీద మొలిచే పెన్నేరుగడ్డ. కానీ డబ్బాలోని పొడికి ఆ వాసన ఒక్కటే కాదు, ఇంకేదో తియ్యటి వాసన కూడా ఉంది. డబ్బా తిప్పి చూశాను. ఎక్కడ తయారైందో, ఏది ఎంత కలిపారో ఎక్కడా రాసి లేదు.

అందరి ముందూ అడిగాను. "ఇండ్ల ఏమేం కలిపిన్రు సార్?"

మా దగ్గర సారును అడగరు, సారు చెబితే వింటారు. ఆయన నా వైపు తిరిగి, "నమ్మకం లేకుంటె తాగకు. గని రేపు మల్ల గా మలుపు కాడ కూసుంటె నన్ననొద్దు" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నా ముఖం మండిపోయింది. నిజం చెప్పాలంటే, ఆ మాట తర్వాత ఆయన గోడ సున్నం ఇచ్చినా తాగేదాన్ని. ఆ మలుపంటే నాకు అంత భయం. డబ్బా సంచిలో వేసుకుని ఇంటికొచ్చాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా బర్రె పొద్దున ఇచ్చే పాలు కొంచెం పల్చన, సాయంత్రం ఇచ్చేవి చిక్కన. పాల కేంద్రంలో వెన్న చూసి తీసుకుంటారు కాబట్టి సాయంత్రం పాలు చుక్క మిగలకుండా క్యాన్‌లో కేంద్రానికి పోతాయి. పొద్దుటి పాలల్లో మాత్రం చాయ్‌కి ఒక గ్లాసు ఆపుకుంటాం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇదే పద్ధతి. జ్వరం వచ్చినా, పండగొచ్చినా, సాయంత్రం పాలు మా ఇంట్లో ఎవరూ ముట్టరు. వాటిని తాగొచ్చన్న ఆలోచనే మాకు రాదు.

అమ్మ డబ్బా వాసన చూసి, దేంట్లో కలుపుకోమన్నాడని అడిగింది. పాలల్లో అన్నాను. ఎప్పుడంటే రాత్రి అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "పాలల్ల అంటె పొద్దున తాగు" అంది. నాకూ అదే సబబుగా తోచింది. మా తండాలో మందు కన్నా దాన్ని దేనితో మింగుతామన్నదే పెద్ద సంగతి. తేనెతో అంటే తేనెతోనే, బెల్లంతో అంటే బెల్లంతోనే. అది మారిస్తే మందు తిరగబడుతుందని మా నమ్మకం. పూట మార్చడం మాకు తప్పనిపించలేదు. పాలు మానడం తప్పనిపించింది. రాత్రి నిద్రపోవడానికి ఇచ్చిన పొడిని, పరుగుకు పోయే ముందు, తెల్లవారుజామున, అప్పుడే పితికిన పాలు కాచి అందులో కలుపుకుని నేను తాగడం మొదలుపెట్టాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు ఇద్దరం ఎంత శ్రద్ధగా చేశామో.

వారం తిరిగేసరికి నా కాళ్ళు నావి కాకుండా పోయాయి. గ్రౌండులో దిగితే కనురెప్పలు బరువు. విజిల్ వినపడ్డాక ఒక క్షణం ఆలస్యంగా కదిలేదాన్ని. మధ్యాహ్నం మిర్చి చేనులో సాలు మధ్య నిలబడి కునుకు తీశానని పక్క సాలు అవ్వ ఆటపట్టించేది. రాత్రికి మాత్రం మత్తు దిగిపోయి కళ్ళు పత్తికాయల్లా విచ్చుకునేవి. సారు స్టాప్‌వాచ్ చూసి తల ఊపేవాడు. పొడి తాగుతున్నావా అంటే తాగుతున్నానన్నాను. ఎప్పుడని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చెంచా సరిపోవడం లేదేమో, రెండు వేసుకో అన్నాడు. రెండు వేసుకున్నాను.

మా బ్యాచ్‌లో జనగామ పక్క నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది. వాళ్ళది చర్చికి పోయే కుటుంబం, తొర్రూరులో గది తీసుకుని ఉండేది. ఆమె అదే డబ్బా వాడేది, హాయిగా నిద్రపోయేది, లేడిపిల్లలా ఉరికేది. 'నీకు పడతలేదేమో అక్కా, నాకైతే మంచిగనే ఉంది' అంది ఒకరోజు. నాకు ఆమె మీద ఎంత కుళ్ళు పుట్టిందో ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఒకే పొడి, ఒకే గ్రౌండు, మరి లోపం ఎక్కడుంది? నాలోనే ఉందనుకున్నాను. అందరూ అదే అనుకున్నారు.

ఆ నెలాఖరుకు సారు టైము పరీక్ష పెట్టాడు. అసలు రోజున ఎలా పెడతారో అలాగే, విజిల్, గీత, వాచీ, అన్నీ. ఆ రోజు పొద్దున రెండు చెంచాలు కాక ఇంకో అర చెంచా వేసుకుని తాగి బస్సెక్కాను. జనగామ పోయే బస్సు అది. కిటికీ పక్క సీటు దొరికింది. నర్సింహులపేట దాటడం గుర్తుంది.

మళ్ళీ కళ్ళు తెరిచేసరికి కండక్టర్ నా భుజం తడుతున్నాడు. బయట ఎండ. తొర్రూరు ఎప్పుడో వెళ్ళిపోయింది. బస్సు జనగామ బస్టాండులో ఖాళీగా నిలబడి ఉంది, లోపల నేనొక్కదాన్నే. లేపుదామనే అనుకున్నాడట గానీ, అంత గాఢంగా పడుకున్న మనిషిని లేపబుద్ధి కాలేదన్నాడు. పాపం, మంచి మనసుతోనే అన్నాడు. నేను మాత్రం అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. రాత్రుళ్ళు నన్ను ముట్టని నిద్ర, ఉరకాల్సిన పూట వచ్చి నన్ను ఎత్తుకుపోయింది.

ఏడుపు అయిపోయాక కోపం వచ్చింది. సంచిలో డబ్బా ఉంది. దాన్ని పట్టుకుని సర్కారు దవాఖాన ఎటని అడుగుతూ పోయాను. అక్కడ ఆయుర్వేదం చూసే డాక్టరమ్మ ఉందన్నారు. బల్ల మీద డబ్బా పెట్టి, ఇది మంచిదా చెడ్డదా చెప్పమన్నాను. ఆమె మూత తీసి చూసి, ఎక్కడ చేశారో రాయని దాన్ని చూసి మంచిదో చెడ్డదో చెప్పలేనంది. అశ్వగంధ తనూ రాస్తుందట, కొందరికి పనిచేస్తుందట, అందరికీ పడదట. ఇందులో అది ఎంత ఉందో, దానితో పాటు ఇంకేం ఉందో దేవుడికే తెలియాలి అంది. థైరాయిడ్ ఉందా, వేరే మాత్రలేమైనా వేసుకుంటున్నావా అని అడిగింది. ఈ ప్రశ్నలేవీ గ్రౌండులో నన్ను ఎవరూ అడగలేదు. తర్వాత, ఎప్పుడు తాగుతున్నావంది.

పొద్దున అన్నాను. ఎందుకు పొద్దున అంది. సాయంత్రం పాలు కేంద్రానికి పోతాయన్నాను.

ఆమె నవ్వుతుందనుకుని నేను గొడవకు సిద్ధంగా కూర్చున్నాను. ఆమె నవ్వలేదు. పెన్ను కింద పెట్టి, పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునేదాకా ఏం చేస్తావో చెప్పమంది. చెప్పాను. మిర్చి, పుస్తకాలు, చీకటి పడ్డాక కూడా చాయ్, మంచంలో ఫోన్ పెట్టుకుని పరుగు వీడియోలు, అన్నీ చెప్పాను. చివరికి ఆ మలుపు సంగతి కూడా చెప్పేశాను. అంతా విని ఆమె, "నువ్వు పడుకునే టైమే లేదు గద బిడ్డా, నిద్ర ఎక్కడ్నుంచి వస్తది? నిద్రకిచ్చిన మందు పొద్దున తాగుడు తప్పు. ఈ పొడి బంద్ చెయ్యి. పొద్దుగూకినంక చాయ్ బంద్, ఫోన్ అవతల పెట్టు. వారానికి ఒక్క దినం ఉరకకు" అంది.

ఆఖరిది వినగానే నాకు ఒళ్ళు మండింది. ఉరకని రోజు మిర్చి ఏరాలి, మాకు ఖాళీ రోజు ఎవడిస్తాడు మేడం అని విసురుగానే అడిగాను. ఎవరూ ఇవ్వరు, నువ్వే తీసుకోవాలి అంది ఆమె. ఆ మాట అప్పుడు నాకు అస్సలు నచ్చలేదు.

మర్నాడు గ్రౌండుకు పోయి డబ్బా సారు కుర్చీ పక్కన పెట్టేశాను. నాకు వద్దన్నాను. టైము పరీక్షకు రాలేదు, పైగా మందు వాపసు ఇస్తున్నావా అని ఆయన లేచాడు. నేను బస్సులో నిద్రపోయిన సంగతి చెబితే మళ్ళీ నవ్వు. ఈసారి సారు కూడా నవ్వాడు. నా మాట వినని వాళ్ళకు నా గ్రౌండులో పని లేదన్నాడు.

"గ్రౌండ్ కాలేజోల్లది సార్. మీరు నేర్పున్రి, నేర్పకున్రి. నేనైతే ఈడనే ఉరుకుత" అన్నాను.

ఆ రోజు నుంచి ఆయన నాకు విజిల్ ఊదలేదు, వాచీ చూడలేదు. బ్యాచ్ లోపలి గీత మీద ఉరికితే నేను బయటి గీత మీద ఉరికాను. జనగామ అమ్మాయి మాత్రం ప్రాక్టీసు అయ్యాక ఎవరూ చూడకుండా తన ఫోన్‌లో నా టైము చూసి చెప్పేది. పొడి మాత్రం మానలేదు. నేను మానమనలేదు. ఆమె ఒళ్ళు ఆమెది.

ఇంట్లో అమ్మతో అంతా చెప్పాను. పూట మార్చి తాగడమే తప్పయిందని డాక్టరమ్మ అన్న మాట వినగానే ఆమె ముఖం మాడిపోయింది. పొద్దున తాగమన్నది తనే కదా. నేను ఊరుకోకుండా, 'నీ పాల కేంద్రం నా కాళ్ళు విరగ్గొట్టింది' అన్నాను. అనకూడని మాట. ఆ పాలతోనే నేను చదువుకున్నాను. అమ్మ లేచి క్యాన్ తీసుకుని పాలు పితకడానికి పోయింది.

ఆ సాయంత్రం ఆమె కేంద్రానికి పోయి వచ్చాక పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టింది. గిన్నెలో పాలు. సాయంత్రం పాలు. కాచి, గ్లాసులో పోసి నా ముందు పెట్టి, "పొడి లేదు, గిడి లేదు. తాగి పండు" అంది. పుస్తకం తీసి చూరులో పెట్టింది. ఫోన్ తీసుకుని తన చీర కొంగున ముడేసుకుంది. మర్నాడు కేంద్రంలో పాలు తగ్గాయేమని అడిగితే, బర్రె తగ్గించిందని చెప్పిందట. పాతికేళ్ళలో మా అమ్మ అక్కడ ఆడిన మొదటి అబద్ధం అది.

ఆ పాలు తాగగానే హాయిగా నిద్ర పట్టిందని రాస్తే బాగుంటుంది. పట్టలేదు. వారం పది రోజులు అలాగే దొర్లాను. మలుపు కనిపిస్తూనే ఉంది. కానీ పొద్దున మత్తు పోయింది, కాళ్ళు నావయ్యాయి. ఆదివారం ఉరకడం మానాను. ఆ రోజు మిర్చికి కూడా నా బదులు అమ్మే పోయింది, నన్ను రావద్దంది. ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటే తండాలో ఆడవాళ్ళు, 'పోలీసమ్మ పండుకున్నది' అని వినబడేలా అనేవాళ్ళు. అననీ అనుకుని అటు తిరిగి పడుకునేదాన్ని. అలా ఒక మధ్యాహ్నం నిజంగానే నిద్ర పట్టేసింది. అమ్మ పని నుంచి వచ్చి నన్ను లేపకుండా గుమ్మం దగ్గర కూర్చుంది, వచ్చినవాళ్ళను వచ్చినట్టే వెనక్కి పంపింది. ఆ తర్వాత రాత్రుళ్ళు కూడా కొద్దికొద్దిగా నిద్ర రావడం మొదలైంది. పాలకు నిద్ర వస్తుందో రాదో నాకు తెలియదు. డాక్టరమ్మ కూడా పాలు తాగమని చెప్పలేదు. నాకు తెలిసిందల్లా ఆ గ్లాసు కేంద్రానికి పోకుండా ఆగి నా దగ్గరికి వచ్చిందన్నదే.

పరుగు రోజు రానే వచ్చింది. ముందు రాత్రి బాగానే పడుకున్నాను. గీత దగ్గర నిలబడితే చుట్టూ అమ్మాయిలు కొందరు దేవుళ్ళకు మొక్కుతున్నారు, కొందరు కక్కుతున్నారు. విజిల్ పడింది. మొదటి రౌండు నేను అందరికంటే వెనక ఉన్నాను. కావాలనే ఉన్నాను. రెండో రౌండులో ఆ ఆఖరి మలుపు వచ్చింది. నా పక్కన ఒక అమ్మాయి తూలింది. నేను మాత్రం కూర్చోలేదు. నోటికొచ్చిన బూతులన్నీ మా భాషలో తిట్టుకుంటూ, ఆ మలుపును తిట్టుకుంటూ, నవ్విన ప్రతి నోటినీ తిట్టుకుంటూ గీత దాటాను. దాటాక గడ్డి మీద పడి ఏడ్చాను. జనగామ అమ్మాయి నాకంటే చాలా ముందే దాటి, నా కోసం నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉంది.

తర్వాత రాత పరీక్ష, ట్రైనింగ్, అన్నీ అయ్యాయి. ఇప్పుడు నాకు భూపాలపల్లిలో డ్యూటీ. చెల్పూర్ వైపు బందోబస్తుకు పోయినప్పుడు కరెంటు ప్లాంటు పొగగొట్టాలు చూస్తూ నిలబడతాను. షిఫ్టులు మారినప్పుడల్లా నిద్ర మళ్ళీ మొండికేస్తుంది. దాంతో పోట్లాట నాకు కొత్త కాదు.

పోయిన వేసవిలో జనగామ అమ్మాయి నాకు ఒక ఫోటో పంపింది. తొర్రూరు బస్టాండు దగ్గర కట్టిన పెద్ద ఫ్లెక్సీ. దాని మీద మా సారు, మా బ్యాచ్‌లో ఉద్యోగాలు వచ్చినవాళ్ళ ముఖాలు. అందరికంటే పెద్దది నాది. ఫలితాలు వచ్చిన రోజు చెయ్యెత్తి నవ్విన ఫోటో అది. ఎత్తిన చేతిలో ఇప్పుడు తెల్ల డబ్బా అతికించారు, గుర్రం బొమ్మతో సహా. కింద, 'ఓటమి నుంచి గెలుపు దాకా మా పొడి' అని రాశారు. ఆ అమ్మాయి ఫోన్ చేసి, 'నా చేతుల పెట్టినా నిజమే అయ్యేది అక్కా, నీ చేతుల పెట్టిన్రు చూడు' అంది. ఎవరు తాగారో సారుకు తెలుసు. ఓడి గెలిచిన ముఖం అయితే బాగా అమ్ముడుపోతుందని కూడా తెలుసు.

సెలవు పెట్టి ఇంటికి పోయాను. అమ్మకు అప్పటికే తెలుసు. సంతకు పోయినప్పుడు బస్టాండు దగ్గర నా ముఖం చూసి మురిసి, ఆ తర్వాత చేతిలో డబ్బా చూసిందట. ఆమెకు చదువు రాదు. ఆ డబ్బాను గుర్తుపట్టడానికి చదువు అక్కర్లేదు. నన్ను చూడగానే, "గిది నీ చేతిలకు ఎట్లొచ్చింది?" అని అడిగింది. నేను పెట్టించుకున్నానేమోనని ఆమె అనుమానం. ఆ అనుమానం నాకు సారు చేసిన పని కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది.

ఇద్దరం గ్రౌండుకు పోయాం. నేను యూనిఫాం వేసుకోలేదు. వేసుకుంటే అది డ్యూటీ అయ్యేది. నేను నా సొంత గొడవకు పోయాను. కొత్త బ్యాచ్ అమ్మాయిలు చెమటలతో గడ్డి మీద కూర్చుని ఉన్నారు, ఒక్కొక్కరి పక్కన ఒక్కో డబ్బా. సారు నన్ను చూసి చప్పట్లు కొట్టించాడు. చప్పట్లు ఆగాక ఫ్లెక్సీ దించమన్నాను. నీకు పేరే కదా వచ్చింది, ఊకోరాదు అన్నాడు. ఆ పొడి నేను మానేశానని వీళ్ళకు చెప్పమన్నాను. మానేసినా, ముందు తాగింది లోపల పనిచేసిందన్నాడు.

"పనిచేసింది సార్. నన్ను జనగామ దాక తీస్కపోయింది" అన్నాను.

అమ్మాయిలకు అర్థం కాలేదు. అప్పుడు మొత్తం చెప్పాను. పొద్దుటి పాలు, బస్సు, డాక్టరమ్మ, బయటి గీత, అన్నీ. పొడి పాపమని చెప్పలేదు. అది పడినవాళ్ళూ ఉన్నారని చెప్పాను. డబ్బా తిప్పి చూడమన్నాను, ఏమేం కలిపారో రాసి లేకపోతే అడగమన్నాను, అడిగితే నవ్వేవాళ్ళను నవ్వనివ్వమన్నాను. ఒక అమ్మాయి నిజంగానే డబ్బా తిప్పి చూసింది. సారు ఎర్రబడ్డాడు. ఆ సాయంత్రమే ఫ్లెక్సీ దించారు.

దించినదాన్ని మడిచి పారేయబోతుంటే అమ్మ ఇవ్వమని అడిగింది. మా దగ్గర ఫ్లెక్సీ పారేయరు. మిర్చి ఆరబోయడానికో, గడ్డివాము కప్పడానికో పనికొస్తుంది. ఇంటికి తెచ్చి కొట్టం ముందు పరిచి కొడవలి తీసుకుంది. నా చెయ్యి తెగకుండా, వేళ్ళ చుట్టూ జాగ్రత్తగా తిప్పుతూ డబ్బాను మాత్రం కోసి తీసేసింది. ఆ తర్వాత ఇద్దరం కలిసి బర్రె కొట్టం మీద కప్పాం. బొమ్మ పైకి వేద్దామన్నాను, తండా అంతా చూస్తుందని. అమ్మ ఒప్పుకోలేదు. నా ముఖం లోపలికి, కిందికి ఉండేలా తిప్పి తాళ్ళు కట్టింది.

ఎందుకని అడిగాను. అమ్మ నెమరేస్తున్న బర్రె వీపు మీద చెయ్యి వేసింది.

"దీనికి తెల్వాలె గద, పాలు ఏడికి పోయినయో."